అప్పాయమ్మ బార

లంకలో అప్పాయమ్మ ఇంట్లో వాసానికి ఒక తాడు వేలాడుతుండేది. గోగునార తాడు. దానికి ముప్పై ముళ్ళు. దానితో ఎవరూ ఏమీ కట్టేవారు కాదు. ఏడాదికి ఒకసారి, జ్యేష్ఠం చివర, ఏటికి వరద ఎర్రనీరు రాకముందు, దాన్ని దించి దిబ్బ మీద పరిచేవారు. ముడికొక గేదె. ముళ్ళు అయిపోయాక మిగిలిన గొడ్డు ఏరు దాటి అవతలి గట్టుకు పోవాలి.

ఆ లంక ఆమె మామగారు చిట్టియ్య కళ్ళముందు పుట్టింది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేచిన కొన్నేళ్ళకు, గౌతమిలో, యానానికి ఎగువన, ఒక ఇసుక వీపు తేలింది. రెండు వరదలు దాని మీద ఒండ్రు పోశాయి. మూడో ఏడు గడ్డి మొలిచింది. ఆ ఏడే చిట్టియ్య తన ఇల్లూ మరో ఐదిళ్ళూ కలుపుకుని ఏరు దాటాడు. పిల్లల్నీ కుండల్నీ తాటిదోనెల్లో ఎక్కించి, పెద్దవాళ్ళు గేదెల తోకలు పట్టుకుని ఈదారు.

చిట్టియ్య పొడగరి. మాట తక్కువ. దిగిన వారంలోనే లంకంతా నడిచి చూసి కట్టడి చేశాడు. ఎగువ తల దగ్గర రెల్లు ఎవరూ కొయ్యకూడదు, గొడ్డును అటు తోలకూడదు. ఏటి దెబ్బ ముందు తగిలేది ఆ తలకే. రెల్లు వేళ్ళే దాన్ని పట్టుకోవాలి. గడ్డిని రెండు పాళ్ళు చేశాడు. ఒక పాలు మేస్తుంటే ఇంకో పాలు ఊరుకోవాలి. వరదలో కొట్టుకొచ్చిన దుంగకు ముందుగా రెల్లుపోచ ముడివేసినవాళ్ళదే ఆ దుంగ. ముడి పడ్డ దుంగ నెల్లాళ్ళు ఒడ్డున పడి ఉన్నా ఇంకొకరు ముట్టేవారు కాదు.

అన్నిటికంటే పెద్ద కట్టడి దిబ్బ. ఏటి పక్కకు వెళ్ళినవాళ్ళు ఎవరైనా సరే వస్తూ ఒక తట్ట మట్టి తెచ్చి లంక నడుమ పొయ్యాలి. మూడేళ్ళలో అది సన్నగా, పొడుగ్గా, మనిషిన్నర ఎత్తు లేచింది. వరదకు గుడిసెల్లో నీరు నడుములోతు వచ్చేది. అప్పుడు లంకంతా ఆ దిబ్బ మీదే. ఒక చివర మనుషులూ గడ్డివామీ, అక్కణ్ణించి ఆ చివరి దాకా ఒకే వరసలో గేదెలు.

దిబ్బ మీద గేదెల చోటు పొడుగును చిట్టియ్య తన బారతో కొలిచాడు. రెండు చేతులూ చాపి, తాడును ఈ కొసవేలి నుంచి ఆ కొసవేలికి లాగి ముడి. మళ్ళీ చాపి ముడి. ముప్పై వచ్చాయి. పడుకున్న గేదెకు బారెడు చోటు కావాలి. వరద నాలుగు రోజులుంటే గేదె నాలుగు రోజులూ నిలబడి ఉండలేదు.

"పడుకోని గొడ్డు పక్కదాన్ని పొడుస్తుంది" అనేవాడు.

ఆరిళ్ళకు ముప్పై. ఇంటికి ఐదు.

అప్పాయమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి దిబ్బ మీద గడ్డి పట్టి ఉంది. మొగుడు పెదబాబు ఆరేళ్ళు కాపురం చేసి జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటివాళ్ళు దోనె వేసుకుని వచ్చి రమ్మన్నారు. ఆమె గేదెల పాలు పితికి, వాళ్ళకు మజ్జిగ ఇచ్చి, పంపించేసింది. మామా కోడలూ ఆ ఇంట్లో మరో తొమ్మిదేళ్ళు ఉన్నారు. వెన్న కాచి నెయ్యి యానాం సంతకు పంపేవారు. ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

చిట్టియ్య మంచం పట్టాక ఐదిళ్ళవాళ్ళూ వచ్చి తాడు ఎవరికిస్తావని అడిగారు.

"దానికి" అన్నాడు, కోడలి వైపు చెయ్యి చూపించి.

"ఆడమనిషికా?"

"దానికి మొహమాటం లేదు."

ఆయన చెప్పిన కారణం అంతే. తాడు ఎప్పుడు దించాలో, ఏ వైపు నుంచి పరవాలో, నార రాలితే కొత్తది ఎలా పేనాలో ఆమెకు చెప్పాడు. ముడికీ ముడికీ నడుమ ఉన్న బార తన బార అని చెప్పలేదు. చెప్పవలసిన సంగతిగా ఆయనకు తోచి ఉండదు. ఆయన చేతులు ఆయనకు ఎప్పుడూ సరిపోయాయి.

మొహమాటం లేదన్న మాట మొదటి ఏడే తేలింది. పక్కింటి అమ్మిరాజు అప్పాయమ్మను అక్కా అని పిలిచేవాడు. అతని పెళ్ళాం సూరమ్మకు ఆమె వదిన. సూరమ్మ ఇంట్లో ఆ ఏడు ఆరో గొడ్డు తేలింది. ఇంకా ఈనని పడ్డ. తల్లి చస్తే సూరమ్మ గంజి పట్టి పెంచింది. అది ఆమె వెనకే తిరిగేది, గుమ్మంలో పడుకునేది.

"ఒక్క పడ్డ వదినా. కాళ్ళు ముడుచుకుని పడుకుంటది. నా పక్కన పడుకోబెట్టుకుంటాను."

"నీ పక్కన మా తమ్ముడు పడుకోవాలి కదే."

"ఆయన్ని అవతలి గట్టుకు పంపించు. ఆయన గుర్రు కంటే దీని నెమరే నయం."

అందరూ నవ్వారు. అప్పాయమ్మ కూడా నవ్వింది. నవ్వి, తాడు చుట్టేస్తూ అంది.

"ముళ్ళు అయిపోయాయి సూరమ్మా."

పడ్డను ఏరు దాటించారు. మూడో రోజు పొద్దున్న అది మళ్ళీ సూరమ్మ గుమ్మంలో ఉంది, ఒళ్ళంతా తడితో. అంత ఏరూ ఈదుకొచ్చింది. మళ్ళీ దాటించారు. మళ్ళీ వచ్చింది. మూడోసారి పంపినప్పుడు ఎర్రనీరు మొదలైంది. అది మరి రాలేదు. గట్టు మీదివాళ్ళను అడిగితే, కట్టు తెంపుకుని ఏట్లోకి దిగిందని చెప్పారు.

సూరమ్మ ఏడవలేదు. నీళ్ళ దగ్గర అప్పాయమ్మ ఎదురైనప్పుడు మాత్రం ఒక మాట అంది.

"మనిషివి చూస్తే కుడితిగాబంత లేవు. మాట మాత్రం మీ మావగారి తాడంత."

ఆ తరవాత వాళ్ళు మాట్లాడుకున్నారు, పిడకలు కలిసి చేసుకున్నారు. ఒకరి గేదె ఈనితే రెండోవాళ్ళకు జున్నుపాలు వెళ్ళేవి. అయినా సూరమ్మ గుమ్మంలో అడుగు పెట్టే ముందు అప్పాయమ్మ ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేది. అక్కడ పడుకున్న దాన్ని దాటుతున్నట్టుగా.

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. ఒక వేసవిలో తాడు నార రాలింది. పట్టుకుంటే పిగిలిపోతోంది. అప్పాయమ్మ గోగునార నానబెట్టి, ఉతికి, నెల రోజులు కూర్చుని కొత్త తాడు పేనింది. పాత తాడులో గట్టిగా ఉన్న ముక్క ఒకటి కోసి, గాలికి ఊగుతున్న ఇంటి కప్పును నిట్టాడి స్తంభానికి బిగించి కట్టింది. మిగిలింది పొయ్యిలోకి పోయింది.

కొత్త తాడు తీసుకుని ఒక్కతే దిబ్బ ఎక్కింది. గడ్డివామి చోటు నుంచి ఆ చివరికి పరిచి, కొస కోసింది. తరవాత వేళ్ళ కొసల నుంచి వేళ్ళ కొసలకు లాగుతూ ముళ్ళు వేసింది.

ముప్పైమూడు వచ్చాయి.

ముళ్ళు విప్పి మళ్ళీ వేసింది. ముప్పైమూడు. ఈసారి కూర్చుని, కాసేపు ఏరు చూసి, మూడోసారి వేసింది. ముప్పైమూడే.

ఆ ఏడు ఆమె ఇంట్లో కూడా ఒక ఆరోది ఉంది. తల్లిలేని పడ్డ. నుదుటి మీద తెల్లచుక్క. దాన్నీ గంజి పట్టే పెంచింది. దాన్ని ఎలా దాటించాలా అని మాఘం నుంచీ ఆలోచిస్తోంది.

నాలుగోసారి కొలవలేదు.

సాయంత్రం అందరినీ పిలిచి చెప్పింది. అందరిలోకీ పెద్దవాడు బుల్లబ్బాయి, చిట్టియ్యతో కలిసి ఈదివచ్చినవాడు. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"ఇన్నేళ్ళు తట్టలు తట్టలు పోశాం. పెరగదేంటి మరి. దిబ్బ కూడా ఈనింది."

"కవలలు కూడా కాదు, మూడు" అన్నాడు అమ్మిరాజు.

"ఏ గొడ్డయినా మూడు ఈనుతుందా ఎక్కడైనా" అంది సూరమ్మ.

"గొడ్డు కాదుగా. దిబ్బ."

వాళ్ళు మట్టి పోస్తూనే ఉన్నారు. ప్రతి వరదా కొంత తీసుకుపోతూనే ఉంది. కాని పోసింది గుర్తుంటుంది, పోయింది ఎవరూ మొయ్యలేదు. దిబ్బ పెరిగిందన్న మాట అందరికీ కుదిరింది.

మూడు చోట్లలో మొదటిది అప్పాయమ్మ సూరమ్మకిచ్చింది. ఇస్తానని అనుకుని వచ్చింది కాదు. నోట ముందుగా ఆ పేరే వచ్చింది. సూరమ్మ తలెత్తి చూసింది.

"నాకెందుకు వదినా ముందు?"

"నీదొకటి బాకీ ఉంది."

సూరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. కాసేపయ్యాక తిరిగి, "అయితే మా ఈ యేటి పడ్డకు దాని పేరే పెడతాను" అంది. రెండోది బుల్లబ్బాయికి. మూడోది అప్పాయమ్మ తనకే ఉంచుకుంది. ఎవరూ కాదనలేదు. ఆమె తనకని ఏదీ తీసుకోవడం వాళ్ళు అంతకుముందు చూడలేదు.

ఆ శ్రావణంలో వచ్చిన వరద పెద్దది కాదు. దానికి రెండింతల వరదలు దిబ్బ చూసింది. నీరు గుడిసెల నడుము దాకా వచ్చి నిలిచింది. గేదెల్ని ఎక్కించి, వరసగా గుంజలకు కట్టారు. అప్పాయమ్మ తన ఆరింటినీ ఎప్పటిలాగే నడిమధ్యన కట్టుకుంది. చుక్కది కూడా వాటిలోనే ఇమిడింది. వరస అటు జరిగింది. చిట్టచివర బుల్లబ్బాయి గేదె ఒకటి, సూరమ్మవి రెండు వచ్చాయి.

మొదటి రోజు గేదెలు పడుకోవడానికి చూశాయి. ఒకటి మోకాళ్ళు వంచితే పక్కది లేచి నిలబడేది. వానకు అలా ఉన్నాయనుకున్నారు. రెండో రోజు అరుపులు మొదలయ్యాయి. దున్న ఒకటి పక్కదాని పొట్టలో కొమ్ము గుచ్చింది. మూడో రోజుకు ఏ గొడ్డూ నిలకడగా లేదు. ఒకటి కదిలితే ఆ కదలిక ఈ చివర నుంచి ఆ చివరి దాకా పోయేది, దోనెను అల తోసినట్టు.

"ఏంటిది ఈసారి" అన్నాడు బుల్లబ్బాయి. "పడుకోవడం లేదేంటవి?"

అప్పాయమ్మకు మామగారి మాట గుర్తుకొచ్చింది. పడుకోని గొడ్డు. కాని ఎందుకు పడుకోవడం లేదో ఆమెకూ తెలియలేదు. ముళ్ళు ఉన్నాయి. ముడికొకటే ఉంది.

మూడో రోజు పొద్దెక్కాక వాన తెరిపిచ్చింది. సూరమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని చివరికి వెళ్ళింది. వెళ్తూ అప్పాయమ్మ దగ్గర ఆగింది.

"నీ చుక్కదానికి రెండు పరకలు వెయ్యనా?"

"నీవాటికి వెయ్యి ముందు. అవి చివర నానుతున్నాయి."

"నానితే మెత్తబడతాయి. నీలాగా గట్టిగా ఉండి ఏం చేసుకోను."

నవ్వుతూ వెళ్ళింది. ఆమె మోపు దించే వేళకు నడుమ ఎక్కడో రెండు గేదెలు కొమ్ములు కలిపాయి. తోపు చివరికి వచ్చింది. చివరిది వెనక్కాళ్ళు అంచు మీద పెట్టింది. అంచు ఆ యేటి తట్టల మట్టి. అది నిలవలేదు. రెండు బారల మేర దిబ్బ, మూడు గేదెలు, గుంజలు, మోపు, సూరమ్మ, అన్నీ ఒకే చప్పుడుతో ఏట్లోకి పోయాయి.

అమ్మిరాజు దూకాడు. అతన్ని ఇద్దరు లాగారు. ఒక గేదె తల కొంతసేపు కనిపించింది. మనిషి కనిపించలేదు. నీరు తీశాక దిగువన పదిరోజులు వెతికారు. సముద్రం దగ్గరే కావడంతో ఏరు ఏమీ వెనక్కివ్వలేదు.

భాద్రపదంలో ఇళ్ళు మళ్ళీ నిలబెట్టుకున్నారు. అప్పాయమ్మ ఇంటి కప్పు ఒరిగింది. దాన్ని సరిచేయడానికి నిట్టాడి దగ్గర కట్టు విప్పింది. పాత తాడు ముక్క చేతికొచ్చింది. దానిలో రెండు ముళ్ళున్నాయి. ముళ్ళ దగ్గర నార నల్లబడి, మామగారి చేతి చమురు ఇంకా ఉన్నట్టు నున్నగా ఉంది.

ఊరికే, ఒక ముడి ఎడమచేతి కొసవేలికి పెట్టుకుని కుడిచెయ్యి చాపింది.

రెండో ముడి ఆమె వేలికి అందలేదు. దాటి కిందికి వేలాడింది. జానెడు.

చాలాసేపు అలాగే నిలబడింది, చేతులు చాపి. ఎవరైనా చూస్తే ఏదో పట్టుకోబోతోందనుకునేవారు.

అమ్మిరాజు ఒడ్డున దోనె పక్కన కూర్చుని ఉన్నాడు. ఆమె వెళ్ళి తాడు ముక్క ముందు పెట్టింది.

"తమ్ముడూ, ఇది పట్టుకో. ముడి దగ్గర."

"ఏంటక్కా ఇది?"

"మావయ్యగారి తాడు. చేతులు చాపు."

అమ్మిరాజు కూడా పొడగరి. చాపాడు. ముడికీ ముడికీ అతని చేతులు సరిపోయాయి. ఆమె తాడు తీసుకుని తనూ చాపింది. మిగిలిన జానెడు ఇద్దరి నడుమా వేలాడింది. అతను దాన్ని చూశాడు. ఆమె చేతుల్ని చూశాడు. తరవాత ఏరు చూశాడు.

"మూడుసార్లు కొలిచానన్నావు."

"మూడుసార్లూ ఈ చేతుల్తోనే."

"ఆ చుక్కదాని కోసమా?"

"తెలీదు. కావచ్చు."

"ముప్పైమూడు రావాలని ఉందా నీకు?"

"ఉంది."

అమ్మిరాజు తాడు ముక్కను నేల మీద పెట్టి, చేత్తో నిమిరి, నిటారుగా సరిచేశాడు.

"సూరమ్మకీ ఉంది" అన్నాడు. "నాకూ ఉంది. బుల్లబ్బాయి బాబాయికీ ఉంది. అందుకే నీ చేతులెవరూ చూళ్ళేదు."

ఆమె ఏడవబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దక్కా. నువ్వేడిస్తే నేను ఓదార్చాలి. నా వల్ల కాదు."

ఆ రెండు ముళ్ళ నడిమి పొడుగుకు ఒక వెదురు కోశారు. దానితో కొత్తగా తాడు కట్టారు. దిబ్బ తెగిపోగా మిగిలింది ఇరవై ఎనిమిది బారలు. అంటే లంకలో ఉన్న ముప్పైలో రెండు దాటాలి. ఏవి దాటాలని ఎవరూ అడగకముందే అప్పాయమ్మ తన ఆరింటి కట్లూ విప్పింది.

"రెండు చాలమ్మా" అన్నాడు బుల్లబ్బాయి.

"ఆరూ పోతాయి బాబాయ్. మిగతావి పడుకోనీ."

ఐదింటినీ ముందు దాటించి, చుక్కదాన్ని చివర దాటించింది. ఆపై మూడు రోజులు పొద్దున్నే ఒడ్డుకు వెళ్ళి నిలబడింది. వరద తీసి ఏరు నెమ్మదించింది, ఈదడానికి కష్టం లేదు. నాలుగో రోజు కూడా వెళ్ళింది. చుక్కది తిరిగి రాలేదు. అవతలి గట్టు మీద పచ్చిక బాగుందని, అక్కడ అలవాటు పడిందని తరవాత ఎవరో చెప్పారు.

తాడునూ వెదురునూ అమ్మిరాజు ఇంటికి తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టింది, ఇక నువ్వు ఉంచుకో అని. అతను అవి మళ్ళీ తెచ్చి ఆమె ఇంటి వాసానికి తగిలించాడు.

"నీ దగ్గరే ఉండనీ."

"నేను మొయ్యలేను తమ్ముడూ."

"తెలుసు. దాని బరువు తెలిసినవాళ్ళ దగ్గరే ఉండాలి."

అందులో దయ ఎంతో, కోపం ఎంతో ఆమె చివరిదాకా తేల్చుకోలేకపోయింది.

తరవాత ఇరవై రెండేళ్ళు బతికింది. గొడ్డు లేదు. ఐదిళ్ళలో పాలు పితికిపెట్టి, వాళ్ళు పోసిన మజ్జిగతో గడుపుకుంది. తెగిన చోట మట్టి పోసింది. మిగతావాళ్ళు ఏటి నుంచి వస్తూ ఒక తట్ట తెస్తే ఆమె తట్ట కోసమే ఏటికి వెళ్ళేది. ఆ చివర నాలుగు బారలు ఖాళీగా ఉండేవి. మట్టి గట్టిపడ్డాక కూడా ఆ చోటు ఎవరూ అడగలేదు. పిల్లలు పెద్దవాళ్ళై, కొత్త కోడళ్ళు వచ్చి, ఇక్కడెందుకు కట్టరని అడిగితే, అక్కడ నేల మెత్తన అని చెప్పేవారు.

ప్రతి జ్యేష్ఠంలోనూ ఆమే తాడు పరిచింది. చూపు తగ్గాక వెదురును నేల మీద ఆనించి, వేలితో కొస తడిమి, ముడి సరిచూసుకునేది. ఆ వెదురు పెట్టే ముందు మాత్రం ఒకసారి ఆమె చేతులు వాటంతటవే రెండు వైపులా చాపుకునేవి. ముసలితనానికి ఇంకా పొట్టివై. అమ్మిరాజు ఆ వేళకు తల పక్కకు తిప్పుకునేవాడు. ఆమె చేతులు దించి, వంగి, వెదురు పెట్టి, పైకి చెప్పేది.

"ఒకటి."